నిప్పురవ్వకు వేళ నేర్పిన ఉపాధ్యాయుడు
చార్లెస్ కెటరింగ్ జీవిత కథ

పాత అంబాసిడరు కారు నడపినవారికి గాని, అందులో ప్రయాణము చేసినవారికి గాని ఈ దృశ్యము క్రొత్తది కాదు. అది వానకాలపు ఉదయము. తాళము త్రిప్పినచో ఇంజను తిరుగుచున్నదే కాని అంటుకొనుట లేదు. డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మీది నల్లని మూతను ఊడదీయును. లోపల కందిగింజంత లోహపు బిళ్ళలు రెండు ఎదురెదురుగా నుండును. వాటి నడుమ గరుకు కాగితపు ముక్కను చొప్పించి నాలుగుమార్లు రుద్దును. బిళ్ళల నడుమ సందు సరిగా నున్నదో లేదో చూచుకొని మూత బిగించును. మరల తాళము త్రిప్పగానే ఇంజను అందుకొనును. ఆ బిళ్ళలనే మన మెకానిక్కులు పాయింట్లు అందురు.

నేడు పాత కార్లను ప్రేమతో కాపాడుకొనువారు ఆ పాయింట్లను తీసివేసి, వాటి స్థానమున చిన్న ఎలెక్ట్రానిక్ పరికరము నమర్చుకొనుచున్నారు. గంటసేపు పని. తీసిన పాయింట్లు పాత సామాను పెట్టెలోనికి పోవును. కాని ఆ కందిగింజంత బిళ్ళలు అరువది సంవత్సరములకు పైగా లోకములోని మోటారు కార్ల నెన్నింటినో నడిపినవి. వాటి వెనుక ఒక మనుష్యుని జీవితము కలదు. ఆయన మొదట పల్లెబడి పంతులు. చూపు సరిగా లేనివాడు. ఆయన కథలో విద్యార్థులకు ధైర్యమిచ్చు మాట యున్నది; ఉపాధ్యాయులకు ఆలోచింపదగిన మాటయు నున్నది.

పల్లెబడిలో పాఠములు

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్ 1876 ఆగస్టు 29వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో, లౌడన్‌విల్ గ్రామ సమీపమున, ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. ఐదుగురు పిల్లలలో నాలుగవవాడు. పొలము పనులు, పశువుల పోషణ, పాడైన పనిముట్లను బాగుచేయుట - ఇవే ఆయన మొదటి చదువు. బడిలో చురుకైనవాడే కాని పుస్తకము ముందు కొంతసేపు కూర్చున్నంతనే తలనొప్పి వచ్చుచుండెను. కండ్ల బలహీనత చిన్ననాటనే ఆయనను పట్టుకొనెను.

ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఆయన ఒక గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఒకే గది, అందులోనే అన్ని తరగతులు. పగలు పాఠములు చెప్పి అంతటితో ఊరకుండక, సాయంకాలములందు పిల్లలను చేరదీసి విద్యుత్తు, వేడి, అయస్కాంతము, భూమ్యాకర్షణ మొదలైన వాటిని ప్రయోగములతో చూపుచుండెను. కంటితో చదువుట కష్టమైనవానికి చేతితో చేసి చూచుటయే సులువైన మార్గము. తనకు పట్టుబడిన ఆ మార్గమునే ఆయన పిల్లలకును చూపెను.

కొంత సొమ్ము కూడబెట్టి ఉన్నత విద్యకై వూస్టరు కళాశాలలోను, తరువాత ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములోను చేరెను. కాని కండ్లు మరల మొరాయించెను. చదువు మానివేయవలసి వచ్చెను. ఇక తనకు విద్యాయోగము లేదని ఆయన క్రుంగిపోయెను. ఆ నిరాశలో ఒక టెలిఫోను కంపెనీ ముఠాలో చేరి, స్తంభములు పాతుటకు గోతులు త్రవ్వెను, తీగలు లాగెను, కొలది కాలమునకే ఆ ముఠాకు నాయకుడయ్యెను.

ఆ ఎండలో, ఆ గాలిలో రెండు మేళ్ళు జరిగెను. పుస్తకమునకు దూరమైన కండ్లకు విశ్రాంతి దొరికి కొంత నెమ్మదించెను. రెండవది, విద్యుత్తు తీగలో ఎట్లు నడచునో, చిన్న అయస్కాంతపు మీట ఒకటి దూరమునుండి వచ్చిన సన్నని సంకేతముతో పెద్ద ప్రవాహము నెట్లు కలుపునో, ఎట్లు తెంచునో ఆయన చేతులకు తెలిసివచ్చెను. ఆష్‌లాండు పట్టణమున పనిచేయుచున్న ఆ దినములలోనే ఆలివ్ విలియమ్స్ అను యువతితో పరిచయమయ్యెను. 1905లో వారికి వివాహము జరిగెను.

కండ్లు కుదుటపడిన పిమ్మట ఆయన మరల విశ్వవిద్యాలయమునకు పోయెను. సహాధ్యాయులు పాఠములను పైకి చదువగా ఆయన విని జ్ఞాపకముంచుకొనెను. ఆ విధముగా, తోటివారి కండ్లతో చదివి, 1904లో విద్యుత్ ఇంజనీరింగు పట్టము పుచ్చుకొనెను. అప్పటి కాయన వయస్సు 28 సంవత్సరములు సమీపించినది.

గల్లాపెట్టె నేర్పిన సూత్రము

పట్టము చేతికి రాగానే డేటన్ నగరములోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగము దొరికెను. దుకాణములలో సొమ్ము లెక్కించి దాచు గల్లాయంత్రములను చేయు కంపెనీ అది. ఆ యంత్రమునకు అప్పుడు చేతిపిడి యుండెను. బేరము జరిగినప్పుడెల్ల గుమాస్తా దానిని లాగవలెను. చేతితో పనిలేకుండ విద్యుత్తుతో నడచు గల్లాయంత్రమును కెటరింగ్ 1906లో తయారుచేసెను.

ఇందొక చిక్కు వచ్చినది. యంత్రమును కదలించుటకు బలమైన మోటారు కావలెను. బలమైన మోటారు పెద్దదిగా నుండును. పెద్ద మోటారు గల్లాపెట్టెలో ఇముడదు. ఈ చిక్కును ఆయన తేలికగా విప్పెను. మోటారు దినమంతయు నడువనక్కరలేదు. ఒక్క క్షణము నడచిన చాలును. ఎడతెరపి లేక పనిచేసినచో కాలిపోవునంతటి భారమును చిన్న మోటారు సైతము క్షణకాలము మోయగలదు. తరువాత చల్లారుటకు దానికి వ్యవధి దొరకును. ఈ చిన్న సూత్రము కొలది యేండ్లలో మోటారు కారు చరిత్రనే మార్చినది.

కంపెనీలో ఎడ్వర్డు డీడ్స్ అను పై అధికారి యుండెను. మోటారు కార్లు అప్పుడే వీధులలోనికి వచ్చుచున్న కాలమది. వాటి లోపములను సవరించినచో మంచి భవిష్యత్తు కలదని డీడ్స్ ఆయనను ప్రోత్సహించెను. డీడ్స్ ఇంటి వెనుక నున్న కొట్టము ప్రయోగశాల యయ్యెను. పగలు కంపెనీ పని ముగించుకొని, రాత్రులును సెలవు దినములును ఆ కొట్టములో గడపిరి. కంపెనీలోని మరికొందరు మిత్రులును వచ్చి చేరిరి. వారు మొదట చేపట్టినది నిప్పురవ్వ సంగతి.

ఒక్క రవ్వ చాలును

పెట్రోలు ఇంజనుకు ప్రాణము నిప్పురవ్వ. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను నొక్కిపట్టును. సరిగా ఆ నొక్కుడు ముగియవచ్చు వేళకు అందులో నిప్పురవ్వ దూకవలెను. ముందు దూకినచో ఇంజను ఎదురు తన్నును. ఆలస్యమైనచో బలము వ్యర్థమగును. నాలుగు సిలిండరుల ఇంజను నిమిషమునకు 3000 మార్లు తిరుగుచున్నప్పుడు సెకనుకు 100 రవ్వలు కావలెను. ప్రతి రవ్వయు తన వేళకే రావలెను.

ఆనాడు రెండు పద్ధతులు వాడుకలో నుండెను. ఒకటి మాగ్నెటో: ఇంజనుతోపాటు తిరుగుచు తన విద్యుత్తును తానే పుట్టించుకొను పరికరము. ఇంజను వేగముగా తిరుగునప్పుడు దానికి సాటి లేదు. కాని చేతితో మెల్లగా త్రిప్పి ఇంజనును లేవదీయునప్పుడు దాని రవ్వ బలహీనముగా నుండును. రెండవది పొడి బాటరీలతో నడచు వణుకుడు కాయిలు. విద్యుత్ గంట మ్రోగునట్లు అది టకటక కొట్టుకొనుచు, ఒక్క రవ్వ కావలసిన చోట రవ్వల జల్లు కురిపించును. ఆ దుబారాతో బాటరీలు త్వరలోనే చచ్చిపోవుచుండెను.

కెటరింగ్ ఆలోచించినది ఇంతే: ఒక్క రవ్వ చాలినచోట ఇన్నెందుకు? టెలిఫోను తీగలయందును గల్లాయంత్రములయందును తనకు చిరపరిచితమైన అయస్కాంతపు మీటను ఆయన ఇక్కడకు తెచ్చెను. ఇంజను అడిగినప్పుడు ఒకేమారు తెంపు. ఒకే బలమైన రవ్వ. బాటరీల ఆయువు ఎన్నో రెట్లు పెరిగెను. మొదట మీటతో చేసిన ఆ పని క్రమముగా ఇంకను సులభమై, ఇంజనుతో తిరుగు చిన్న కామ్ తెరచుచు మూయుచు నుండు పాయింట్ల జతగా స్థిరపడెను.

దీని లోగుట్టు తరగతిలో చెప్పదగినది. కాయిలులో రెండు తీగచుట్టలుండును. మొదటి దానిలో చుట్లు తక్కువ, తీగ లావు. రెండవ దానిలో చుట్లు వేలకొలది, తీగ వెండ్రుక వలె సన్నము. పాయింట్లు మూసియున్నప్పుడు బాటరీ విద్యుత్తు మొదటి చుట్టలో ప్రవహించి అయస్కాంత క్షేత్రమును పుట్టించును. పాయింట్లు విడిపోగానే ప్రవాహము తెగును. అయస్కాంత క్షేత్రము ఒక్కసారిగా కూలును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన ప్రేరణ సూత్రము ననుసరించి రెండవ చుట్టలో వేలకొలది వోల్టుల ఒత్తిడి పుట్టును. గొట్టములో పరుగెత్తు నీటిని హఠాత్తుగా ఆపినచో గొట్టము అదరును గదా; ఇదియు నట్టిదే. బాటరీ ఇచ్చునది 6 లేక 12 వోల్టులు. ప్లగ్గు కొనకు చేరునది సుమారు 20,000 వోల్టులు. తెగునప్పుడు పాయింట్ల నడుమనే మంట లేవకుండ కండెన్సరు కాపాడును.

ప్రేరణ సూత్రము కెటరింగ్ కనుగొనినది కాదు. కాయిలు కూడ ఆయనకు ముందే కలదు. ఉన్నవాటిని చేర్చి, మితవ్యయము నేర్పి, సామాన్యుని కారులో నమ్మకముగా పనిచేయునట్లు చేయుట ఆయన ఘనత. 1909లో ఆయన ఉద్యోగము విడిచి, డీడ్స్‌తో కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీని స్థాపించెను. దాని పేరులోని తొలి అక్షరములను కూర్చి లోకము డెల్కో అని పిలిచెను. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్ ఈ పరికరమును మెచ్చి, 1910 సంవత్సరపు కార్లకై వేలకొలది కావలెనని కబురంపెను. చేతిలో కర్మాగారము కూడ లేని ఆ మిత్రులు చికాగోలోని టెలిఫోను పరికరముల కంపెనీ ఒకదానితో వాటిని చేయించి ఇచ్చిరి.

హ్యాండిలుకు సెలవు

రవ్వ సంగతి తీరగానే హ్యాండిలు సంగతి వచ్చెను. ఆ కాలమున కారు ముందుభాగమున ఇనుపపిడి దూర్చి బలమంతయు నుపయోగించి త్రిప్పినగాని ఇంజను లేవదు. రవ్వ వేళ తప్పెనా, పిడి ఎదురుతిరిగి చేయి విరుగగొట్టును. లీలాండ్ మిత్రుడైన బైరన్ కార్టర్ ఇట్టి గాయముతో మంచము పట్టి మరణించెననియు, ఆ దుఃఖముతోనే లీలాండ్ దీనికి విరుగుడు కావలెనని పట్టుపట్టెననియు చెప్పుకొందురు.

ఇంజనును త్రిప్పగల విద్యుత్ మోటారు ఇంజనంత పెద్దదిగా నుండవలెనని నిపుణులు లెక్కలు వేసి చూపిరి. లెక్క తప్పు కాదు; కాని అది దినమంతయు త్రిప్పు మోటారుకు వేసిన లెక్క. కెటరింగ్‌కు గల్లాపెట్టె జ్ఞాపకము వచ్చెను. కారు మోటారు కొన్ని క్షణములు త్రిప్పిన చాలును. తరువాత ఇంజనే నడచుకొనును. అంతేకాక, ఇంజను నడచుచున్నప్పుడు ఆ మోటారే డైనమోగా మారి బాటరీని నింపును. ఆ బాటరీయే దీపములను వెలిగించును, రవ్వను పుట్టించును. స్టార్టరు, దీపములు, రవ్వ - మూడును ఒకే కుటుంబముగా 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో వెలసెను. కండబలము గలవానికే చెల్లిన కారు నాటినుండి స్త్రీలకును వృద్ధులకును స్వాధీనమయ్యెను.

1916లో డెల్కో యునైటెడ్ మోటార్స్ అను సంస్థ చేతికి పోయెను. రెండేండ్లకు ఆ సంస్థ జనరల్ మోటార్స్‌లో కలిసిపోయెను. 1920 నుండి 1947లో విరమించువరకు కెటరింగ్ ఆ మహాసంస్థ పరిశోధనశాలకు నాయకుడుగా నుండెను.

ఓటమి చెప్పిన పాఠము

ఆయన తలపెట్టినదెల్ల నెగ్గలేదు. నీటి అక్కర లేకుండ, రాగి రెక్కల ద్వారా గాలితోనే చల్లబడు ఇంజనును ఆయన ఎంతో ఆశతో రూపొందించెను. 1923లో ఆ ఇంజనుతో షెవ్రొలే కార్లు వెలువడెను. సుమారు నూరు కార్లు మాత్రమే కొనుగోలుదారులకు చేరెను. వాటిలో లోపములు బయటపడగా కంపెనీ వాటిని వెనుకకు తెప్పించెను. కెటరింగ్ మనసు విరిగి ఉద్యోగమే వదలుకొనుటకు సిద్ధపడెను. కంపెనీ అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఆయనను పోనీయలేదు.

బడిపంతులుగా బ్రతుకు ప్రారంభించిన ఆయనకు పరీక్షలపై ఒక ఫిర్యాదు మిగిలియుండెను. బడిలో ఒక్కసారి తప్పిన విద్యార్థి పనికిరానివాడగును. పరిశోధకుడో వేయిమార్లు తప్పి ఒక్కసారి గెలిచిన చాలును. కాబట్టి తెలివిగా ఓడిపోవుట ఎట్లో, ఓటమినుండి ఏమి నేర్చుకొనవలెనో పిల్లలకు నేర్పవలెనని ఆయన ఉపన్యాసములలో పలుమార్లు చెప్పుచుండెను. పుస్తకముల చదువును కర్మాగారపు పనిని జోడించు విద్యావిధానమును ఆయన గట్టిగా సమర్థించెను. ఆకు పచ్చగా ఎందుకున్నదను పిల్లవాని ప్రశ్నను పట్టుకొని, సూర్యరశ్మితో ఆకు ఆహారమును వండుకొను విధమును శోధించుటకు ధనమిచ్చెను. రైలింజనులకు తగిన తేలికయైన డీజిలు ఇంజను తయారగుటకును ఆయన కృషియే ఆధారము. ఆ పనిలో కుమారుడు యూజీన్ కూడ పాలుపంచుకొనెను. ఈ వ్యాసమునకు ఆయన ఇతర విజయముల పట్టిక అవసరము లేదు. వాటిని మించి చెప్పవలసిన సంగతి ఒకటి కలదు.

చూడని వైపు

బాటరీ రవ్వతో నడచు కార్లు పెరిగిన కొలది ఒక ఫిర్యాదు వచ్చెను. ఎక్కుడు దారిలో ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు వచ్చుచున్నది. దీనినే నాకింగ్ అందురు. ఇది కెటరింగ్ రవ్వ చేసిన పాపమేనని ప్రత్యర్థులు నిందించిరి. ఆ నింద నుండి బయటపడుటకు ఆయన తన సహాయకుడు థామస్ మిజ్లీని నియోగించెను. తప్పు రవ్వది కాదు, ఇంధనముదని తేలెను: రవ్వ అంటించిన మంట అంతటను వ్యాపింపకముందే మిగిలిన మిశ్రమము తనంత తానే ప్రేలుచున్నది.

ఎఱ్ఱరంగు గల ఇంధనము వేడిని త్వరగా గ్రహించునేమోనని ఊహించి అయొడిన్ కలిపి చూచిరి. చప్పుడు తగ్గెను. ఇతర ఎఱ్ఱరంగులను కలిపిరి, తగ్గలేదు. ఊహ తప్పు, ఫలితము ఒప్పు! అక్కడినుండి ఎన్నో పదార్థములను పరీక్షించి, 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు ద్రవమును పట్టుకొనిరి. పెట్రోలులో అది లేశమాత్రము కలిపినను నాకింగ్ మాయమయ్యెను. 1923లో డేటన్ నగరమున దాని అమ్మకము మొదలయ్యెను. ఇథైల్ అని దానికి పేరు పెట్టిరి. సీసమను మాట ఆ పేరులో లేదు.

సీసము విషమని పురాతన కాలమునుండియు లోకమునకు తెలియును. మిజ్లీయే 1923లో సీసము సోకి విశ్రాంతి తీసికొనవలసి వచ్చెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఈ ద్రవమును తయారుచేయు పనివారు మతి చలించి, ఐదుగురు మరణించిరి. ఆ సంవత్సరముననే ఈ ద్రవమును అమ్ముటకు ఏర్పడిన కంపెనీకి కెటరింగ్ అధ్యక్షుడు. 1925 మేలో వాషింగ్టన్‌లో విచారణ సభ జరిగెను. హార్వర్డు వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, యేల్ ఆచార్యుడు యాండెల్ హెండర్సన్ మొదలైనవారు ప్రమాదమును స్పష్టముగా చెప్పిరి. కెటరింగ్ ఆ ద్రవము పక్షముననే మాటలాడెను. పెట్రోలులో ఆల్కహాలు కలిపినను నాకింగ్ తగ్గునని ఆయన పరిశోధనశాలకు తెలియును. అయినను సీసమునే ఎన్నుకొనిరి. అది చౌక, పైగా దాని హక్కులు కంపెనీ చేతిలో నుండెను. కొంతకాలము ఆగిన అమ్మకము 1926లో మరల సాగెను.

దాని ఫలము తరువాతి తరములు అనుభవించినవి. కార్ల పొగలోని సీసము గాలిలోను, మట్టిలోను, పిల్లల రక్తములోను చేరెను. లోకమంతటను సీసము ఎంతగా పెరిగినదో 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అను భూరసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించెను. పిల్లల బుద్ధి వికాసమును అది దెబ్బతీయునని వైద్యులు తేల్చిరి. భారతదేశమున సీసపు పెట్రోలు 2000 సంవత్సరమున నిలిచిపోయెను. 2021లో అల్జీరియాలో అమ్మకము ఆగుటతో లోకములోని కార్లకు అది పూర్తిగా అంతరించెను.

కండ్లు సరిగా లేకపోయినను చేతులతో, చెవులతో యంత్రము లోపలి సంగతి చూడగలిగినవాడు, కండ్లెదుట పనివారు మరణించుచున్నను ఆ సంగతిని చూడలేకపోయెను. చూడలేకపోయెనా, చూడ నొల్లకపోయెనా? ఒప్పుకొనినచో నష్టపోవు వైపునకు ఎంతటి పరిశోధకుని చూపైనను సులభముగా తిరుగదు. తప్పిన ప్రయోగమును తప్పినదని ఒప్పుకొనవలెనని లోకమునకు బోధించినవాడే, అన్నిటికంటె ముఖ్యమైన ప్రయోగమున ఆ బోధను తనకు వర్తింపజేసికొనలేదు. ఆయనను గౌరవించువారు ఈ సంగతిని దాచరాదు.

పాయింట్లకు వీడ్కోలు

1946లో భార్య ఆలివ్ క్యాన్సరు వ్యాధితో మరణించెను. అంతకు ముందటి సంవత్సరమే, స్లోన్‌తో కలిసి న్యూయార్కులో క్యాన్సరు పరిశోధన సంస్థను కెటరింగ్ నెలకొల్పియుండెను. 1958 నవంబరు 25వ తేదీన, తన 82వ యేట, ఆయన కాలధర్మము చెందెను. అప్పటికింకను కార్లు ఆయన పాయింట్లతోనే నడచుచుండెను.

కాని పాయింట్లకు కాలము దగ్గరపడినది. ప్రతి రవ్వకును వాటి ముఖములు కొంత కాలును, గుంటలు పడును. కామ్‌ను రాచుకొను చిన్న దిమ్మె అరిగి సందు తగ్గును. సందు తగ్గిన కొలది రవ్వ వేళ తప్పును. కాబట్టి కొన్నివేల కిలోమీటర్లకొకసారి పాయింట్లను దిద్దవలెను, లేదా మార్చవలెను. వేగము పెరిగినప్పుడు అవి మూసికొనియుండు వ్యవధి చాలక రవ్వ బలహీనమగును.

1947 చివర బెల్ పరిశోధనశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. కదలు భాగము లేకుండ ప్రవాహమును కలుపుటకు, తెంచుటకు అది సాధనము. కెటరింగ్ మరణించిన ఐదేండ్లకు, 1963లో, పాయింట్లే లేని జ్వలన పద్ధతి కొన్ని పాంటియాక్ కార్లలో వచ్చెను. దానిని చేసినది మరెవరో కాదు. ఆయన డెల్కోకు వారసుడైన డెల్కో రెమీ సంస్థయే. 1973లో క్రైస్లర్ తన కార్లన్నిటికి ఎలెక్ట్రానిక్ జ్వలన మమర్చెను. 1975లో జనరల్ మోటార్స్ కూడ తన కార్లన్నిటికి అట్లే చేసెను.

ఆ 1975వ సంవత్సరము గుర్తుంచుకొనదగినది. అమెరికాలో కార్ల పొగపై చట్టములు కఠినమగుటచేత పొగను శుద్ధిచేయు పరికరమును ఆ యేటినుండి కార్లకు తగిలించిరి. సీసము తగిలినచో ఆ పరికరము పాడగును; కాబట్టి సీసము లేని పెట్రోలే పోయవలెను. రవ్వ తప్పి కాలని పెట్రోలు వచ్చినను అది పాడగును. కాబట్టి రవ్వ తప్పరాదు. ఆ విధముగా కెటరింగ్ లోకమునకిచ్చిన మంచి వస్తువును చెడ్డ వస్తువును, పాయింట్లును సీసమును, ఆయన సంస్థ కార్లనుండి ఒకే సంవత్సరమున తొలగసాగెను.

నేడు పాత కారులో ఈ మార్పు చేయువారి పని చూచినచో మరియొక సంగతి తెలియును. డిస్ట్రిబ్యూటరు మూతను, రోటరును తీసి, పాయింట్లను కండెన్సరును విప్పుదురు. తిరుగు ఇరుసుకు అయస్కాంతముల ఉంగరము తొడిగి, పాయింట్లుండిన చోట ఆ అయస్కాంతముల రాకపోకలను పసికట్టు చిన్న పరికరమును బిగింతురు. దాని తీగలు రెండును కాయిలునకు కలుపుదురు. బాటరీ ధనధ్రువమును కారు ఒంటికి కలిపిన పాత కార్లు కొన్ని కలవు; వాటికి తగిన పరికరమునే కొనవలెను. కాయిలు నిరోధము పరికరమునకు సరిపోవలెను. తీగలు తారుమారైనచో పరికరము క్షణములో కాలిపోవును. ఇంజను నడువనప్పుడు తాళమును త్రిప్పి ఉంచరాదు. అన్నియు ముగిసిన పిదప రవ్వ వేళను మరల సరిచూడవలెను. అనుభవజ్ఞులు తీసిన పాయింట్లను పారవేయక కారులోనే దాచుకొందురు. ఎలెక్ట్రానిక్ పరికరము దారిలో చెడినచో గరుకు కాగితముతో బాగుపడదు.

మారినది తెంచు సాధనము మాత్రమే. కాయిలు అదే, మూత అదే, రోటరు అదే. ప్రవాహమును నింపుట, సరియైన వేళకు తెంచుట, ఆ తెంపునుండి ఒక్క బలమైన రవ్వను పొందుట - ఆ ఆలోచన అదే. పాయింట్లు పూర్తిగా పోయిన నేటి పెట్రోలు కార్లలో సైతము కాయిలు అనేకముగా ఆ విధముననే పనిచేయుచున్నది. వస్తువు పోయినను దానిలోని ఆలోచన నిలిచినది.

కెటరింగ్ జీవితమునుండి మన తరగతి గదులకు రెండు పాఠములు కలవు. చూపు తక్కువైన ఒక పేద రైతుబిడ్డ తోటివారి చదువు విని, తన చేతులతో చేసి, లోకమును కదలించెను. కాబట్టి వెనుకబెంచీ పిల్లవాని కండ్లలో కనబడని తెలివి అతని వ్రేళ్ళలో నుండునేమో ఉపాధ్యాయుడు వెదకవలెను. ఇది మొదటిది. రెండవది, మనము కనుగొనిన దానివలన ఎవరికి మేలు కలిగినదో చూచుటతోపాటు, ఎవరికి కీడు కలిగినదో కూడ మనమే మొదట వెదకవలెను. మొదటి పాఠమును ఆయన తన బ్రతుకుతో నేర్పెను. రెండవది ఆయన నేర్వలేదు. ఆయన కథ చదివి మనము నేర్చుకొనవలెను.